ఆసుపత్రిలో సోకే మెనింజైటిస్, జన్యు టైపింగ్: అపోహలు - వాస్తవాలు

వెన్నులో మత్తు ఇచ్చి సిజేరియన్ చేసిన మర్నాడు బాలింతకు విపరీతమైన తలనొప్పి, జ్వరం, మెడ పట్టేయడం మొదలైతే మెనింజైటిస్ (మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే పొరల వాపు) అనుమానంతో వెన్ను నీరు మా మైక్రోబయాలజీ ల్యాబ్‌కు వస్తుంది. వారంలో అలాంటిదే ఇంకో కేసు వచ్చిందా, ఇక ఆసుపత్రి అంతా టెన్షన్. "టైపింగ్ చేయించండి, ఎవరి వల్ల వచ్చిందో తేలిపోతుంది" అంటారు. టైపింగ్ అంటే కేసుల్లో దొరికిన బ్యాక్టీరియా జన్యువులను పోల్చి, అవి ఒకే రకమా కాదా అని చూడటం. దాంతో అంత తేలిగ్గా తేలదు.

అపోహ: వెన్నులో మత్తు తర్వాత మెనింజైటిస్ వచ్చిందంటే సూదో, మందో శుభ్రంగా లేనట్టే.

వాస్తవం: అదీ కారణం కావచ్చు. కానీ మాస్క్ లేని నోటిని ఎవరూ అనుమానించరు. 2008-09లో అమెరికాలోని న్యూయార్క్, ఒహాయో రాష్ట్రాల్లో ప్రసవ సమయంలో వెన్నులో మత్తు తీసుకున్న ఐదుగురికి మెనింజైటిస్ వచ్చింది. నలుగురిలో స్ట్రెప్టోకాకస్ సాలివేరియస్ దొరికింది. ఇది మన నోట్లో హాయిగా బతికే బ్యాక్టీరియా. ఒహాయోలో ఇద్దరికీ మత్తు ఇచ్చిన డాక్టర్ ఒక్కరే, మాస్క్ పెట్టుకోలేదు. ఆ ఇద్దరిలో ఒకామె చనిపోయింది. వెన్నులోకి సూది వేసేటప్పుడు మాస్క్ ఉండాలని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2007 మార్గదర్శకాల్లోనే ఉంది. మాట్లాడుతూ పని చేసేటప్పుడు పడే తుంపర్లు చాలు.

అపోహ: డాక్టర్ గొంతులో అదే బ్యాక్టీరియా దొరికితే దొంగ దొరికినట్టే.

వాస్తవం: సాలివేరియస్ మీ గొంతులోనూ ఉంటుంది, నా గొంతులోనూ ఉంటుంది. జాతి పేరు కలిస్తే ఏమీ తేలదు, చూడాల్సింది స్ట్రెయిన్‌ను, అంటే ఆ జాతిలోని ఉపరకాన్ని. ఈ బ్యాక్టీరియా స్ట్రెయిన్లు మనిషికీ మనిషికీ చాలా మారిపోతాయి. కాబట్టి రోగి వెన్ను నీటిలోని స్ట్రెయిన్, డాక్టర్ గొంతులోని స్ట్రెయిన్ జన్యుపరంగా ఒకటేనని తేలితే ఆ సాక్ష్యానికి బలం ఉంటుంది. అన్ని బ్యాక్టీరియాల విషయంలో ఇలా ఉండదు.

అపోహ: రెండు కేసుల్లో ఒకే సీక్వెన్స్ టైప్ (కొన్ని జన్యువులను చదివి బ్యాక్టీరియాకు ఇచ్చే రకం నంబరు) వస్తే మూలం ఒకటే.

వాస్తవం: నాకు ఎక్కువగా ఎదురయ్యే అపోహ ఇదే. సీక్వెన్స్ టైప్ ఇచ్చే ఎంఎల్ఎస్‌టీ పద్ధతి 1998లో మెనింజైటిస్ తెచ్చే మెనింగోకాకస్ అనే బ్యాక్టీరియాతోనే మొదలైంది. ఇందులో సాధారణంగా ఏడు జన్యువుల ముక్కలు చదువుతారు, అన్నీ కలిపి మూడు వేల డీఎన్ఏ అక్షరాలు దాటితే గొప్ప. అసినెటోబాక్టర్ అనే బ్యాక్టీరియా జీనోమ్ (మొత్తం జన్యు సమాచారం) సుమారు 40 లక్షల అక్షరాలు! మెదడు ఆపరేషన్ తర్వాత, ముఖ్యంగా తలలో నీరు బయటకు తీసే డ్రెయిన్ గొట్టం ఉన్నవారిలో మెనింజైటిస్ తెచ్చే ఈ బ్యాక్టీరియాలో 'ఇంటర్నేషనల్ క్లోన్ 2' అనే వంశం ప్రపంచమంతా పాకిపోయింది. చాలా ఐసీయూల్లో కనిపించేంత మామూలు. ఇంటిపేరు కలిసినంత మాత్రాన ఒకే ఇంటివాళ్లు కారు కదా. ఇలాంటప్పుడు మొత్తం జీనోమ్ చదివి, ఎన్ని అక్షరాల తేడా ఉందో లెక్క చూడాలి. ఆ తేడా ఎంతలోపు ఉంటే 'ఒకటే' అనాలన్నది బ్యాక్టీరియాను బట్టి, కేసుల మధ్య గడిచిన కాలాన్ని బట్టి మారుతుంది.

అపోహ: మొత్తం జీనోమ్ చదివితే ఎవరి నుంచి ఎవరికి సోకిందో రాసి ఉంటుంది.

వాస్తవం: రెండూ దగ్గరి బంధువులని మాత్రమే చెబుతుంది. నర్సు చేతుల మీద అదే స్ట్రెయిన్ దొరికితే, రోగి నుంచే ఆమెకు అంటి ఉండొచ్చు. ఇద్దరికీ వార్డు సింక్ నుంచే వచ్చి ఉండొచ్చు. పసిపిల్లల మెనింజైటిస్‌కు కారణమయ్యే ఎలిజబెత్‌కింగియా అనే బ్యాక్టీరియాకు సింకులు, కుళాయిలంటే మహా ఇష్టం. ఎవరు ఏ బెడ్‌లో ఎన్ని రోజులున్నారు, ఏ పూట ఎవరు డ్యూటీ చేశారు అన్నది కేస్ షీట్లలో, డ్యూటీ రోస్టర్‌లో వెతకాల్సిందే. ఇది తేలకముందే స్టాఫ్‌లో ఒకరి పేరు బయటపెట్టడం అన్యాయం.

అపోహ: స్ట్రెయిన్లు వేర్వేరని వస్తే డబ్బు దండగ.

వాస్తవం: లేని మూలం కోసం థియేటర్ మూసేసే పని తప్పింది. రెండు కేసులూ విడివిడిగా వచ్చాయంటే ఒక్క మనిషిని కాదు, డ్రెసింగ్, డ్రెయిన్ సంరక్షణ లాంటి రోజువారీ పద్ధతులను చూడాలి.

అపోహ: టైపింగ్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

వాస్తవం: చికిత్స మాత్రం టైపింగ్ కోసం ఆగకూడదు. కానీ బ్యాక్టీరియా మిగలకపోతే దేనికి టైపింగ్ చేస్తాం? వీలైతే యాంటీబయాటిక్ మొదటి డోసు పడకముందే వెన్ను నీరు తీయాలి. ఆలస్యమయ్యేలా ఉంటే మాత్రం మందే ముందు. బ్యాక్టీరియాను పెంచిన కల్చర్ ప్లేట్లను ల్యాబ్‌లో కొద్ది రోజుల్లోనే ఆటోక్లేవ్ చేసి (వేడి ఆవిరితో క్రిములను చంపి) పారేస్తారు. అనుమానం వచ్చిన రోజే ల్యాబ్‌కు ఫోన్ చేయండి, ఆ బ్యాక్టీరియాను గ్లిజరాల్‌లో కలిపి మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో దాచిపెడతాం.