బర్రె గంట, బుట్టలో పురుగు

పిల్లలూ,

దసరాకు వచ్చినప్పుడు చిన్నోడు పత్తి చేలో కట్టిన లింగాకర్షక బుట్ట (ఆడ పురుగు వాసనతో మగవాటిని పట్టేది) సంచి విప్పి, అందులో పడ్డ, పత్తి కాయలు తొలిచే గులాబీ పురుగు రెక్కల పురుగులను లెక్కపెట్టి, "తాతా, ఇందులో ఆడది లేదు, దాని వాసన పూసిన చిన్న బిళ్లే ఉంది, గాలేమో తిన్నగా వీచదు, మరి చీకట్లో ఇవన్నీ ఎట్లా వచ్చాయి?" అని అడిగాడు. ఎడ్లకు నీళ్లు పెట్టాలని తప్పించుకున్నా. నిజంగా తప్పించుకోవడమే అది.

నాకు పదేళ్లప్పుడు ప్రాణహిత ఒడ్డున బర్రెను మేపుతూ చింతచెట్టు కింద నిద్రపోయాను. లేచేసరికి బర్రె లేదు, ఎదురుగా నా నెత్తి దాటిన జొన్న చేను. దాని మెడలో గంట గాలి ఇటు తిరిగితే ఒకసారి వినబడేది, మళ్లీ ఏమీ లేదు. వినబడితే అటే ఉరికేవాణ్ని. ఆగిపోతే ఉరకడం మానేసి ఎడమకు పది అడుగులు, కుడికి ఇరవై, మళ్లీ ఎడమకు ఇంకా దూరం. టింగుమంటే మళ్లీ ఉరుకుడే. (లెక్క తట్టనప్పుడు మీరూ అదే గీత మీద గీకకుండా కాస్త పక్కకు వెతకండి.) పొద్దు గూకేసరికి బర్రె దొరికింది, ఇంటికెళ్లాక బాపు చేతి దెబ్బలూ దొరికాయి.

మగ పురుగు చేసేదీ అదే. వాసన తాడులా సాగి రాదు, గాలి దాన్ని పీలికలు చేస్తుంది. ఒక పీలిక మీసాలకు తగిలిందా, ఎదురుగాలికి దూసుకుపోతుంది. తప్పిపోయిందా, గాలికి అడ్డంగా అటూ ఇటూ ఎగురుతుంది, ఇంకో పీలిక తగిలేదాకా. గాలి ఇంకాసేపట్లో ఎటు తిరుగుతుందో దానికి తెలియదు, తెలియకపోయినా పని నడుస్తుంది.

ఒకచోట మాత్రం నా బర్రె పోలిక కుంటుతుంది. నేల మీద నిలబడ్డ నాకు గాలి చెంపకు తగిలి తెలుస్తుంది, గాలిలోనే కొట్టుకుపోయేదానికి ఎట్లా తెలుస్తుంది? వంతెన లేని రోజుల్లో ప్రాణహిత మీద సిరోంచ రేవులో పడవెక్కి కళ్లు మూసుకుంటే, ఏటవాలుగా కొట్టుకుపోతున్న సంగతే తెలిసేది కాదు, ఒడ్డు చూస్తేనే తెలిసేది. పురుగూ కింద నేల ఎటు జరుగుతోందో చూసుకుంటుంది, అదీ రాత్రి పూట!

ఇలాంటి వాసన ఏ పదార్థమో మొదట తేల్చింది 1959లో జర్మనీ శాస్త్రవేత్త బ్యూటెనాంట్ బృందం, దాదాపు 5 లక్షల ఆడ పట్టు పురుగుల గ్రంథుల నుంచి. మన అడవుల్లోని దసలి పట్టు కాదు, మల్బరీ ఆకు తినేది. అంత చేసినా చిటికెడు దొరకలేదు.

నన్ను ఆశ్చర్యపెట్టేది ఇంకొకటి. పీలికలు లేకుండా గాలంతా ఒకే తీరుగా వాసన నింపితే పురుగు హాయిగా పోతుందనుకుంటాం కదా, చాలా రకాల పురుగులు పోవు, ముందుకు పోవడం ఆపేస్తాయి. గంట ఎడతెగకుండా నాలుగు దిక్కులా మోగితే నా బర్రె దొరికేదా? ఎందుకో ఇంకా లోతుగా అడిగితే ఎడ్లు నన్ను పిలుస్తాయి.

ఈ రాత్రి ఫ్యాన్ ఆపి, దీపం ఆర్పి, అగరుబత్తి వెలిగించి పక్క నుంచి టార్చి వేయండి. పొగ కొంత ఎత్తు దాకా నిటారుగా పోయి, తర్వాత చెదిరిపోతుంది. ఎన్ని జానల ఎత్తులో చెదిరిందో, మీరు ఊపిరి వదిలితే ఆ చెదిరే చోటు ఎక్కడికి దిగిందో చూసి నాకు రాయండి.

మీ తాత