ఆపరేషన్ అయిపోయిన ఇంట్లో కండోమ్ ఎందుకు? అపోహలు - వాస్తవాలు

నెల్లూరు జిల్లాలో ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో హెచ్ఐవీ కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. కృష్ణపట్నం రేవుకి సరుకు తోలే లారీ డ్రైవర్లు, రొయ్యల గుంటల దగ్గర కాపలా ఉండేవాళ్ళు, కాన్పుకి ముందు పరీక్షకొచ్చే ఆడపిల్లలు, తెల్లబట్ట తగ్గడం లేదని వచ్చే నడివయసు ఆడవాళ్ళు మా గదికి వస్తుంటారు. మనుషులు వేరైనా తప్పుడు నమ్మకాలు మాత్రం అవే. వాటికి సర్వేలు, నా అనుభవం ఏం చెబుతున్నాయో రాస్తాను.

అపోహ: పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయ్యాక కండోమ్‌తో పనిలేదు.

మన రాష్ట్రంలో అన్నిటికన్నా బలంగా పాతుకుపోయిన నమ్మకం ఇదే. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ళ పెళ్ళయిన ఆడవాళ్ళలో దాదాపు 70 శాతం ఆపరేషన్ చేయించుకున్నారు. కండోమ్ వాడే దంపతులు వందకి ఒక జంట కూడా లేరు. దేశం మొత్తం మీద చూస్తే కండోమ్ వాడకం 2015-16లో 5.6 శాతం ఉంటే, ఈ సర్వే నాటికి 9.5కి పెరిగింది. ఆ పెరుగుదల మన ఇళ్ళ దాకా రాలేదు.

ఎందుకో మా వైపు ఎవరికైనా తెలుసు. రెండో కాన్పు, వెంటనే ఆపరేషన్. చాలామందికి అప్పటికి పాతికేళ్ళు కూడా నిండవు. ఆ రోజుతో ఇంట్లో కండోమ్ అనే మాటే వినపడదు. మగవాళ్ళలో వేసెక్టమీ, అంటే మగవాళ్ళకి చేసే ఆపరేషన్, చేయించుకున్నవాళ్ళు ఒక శాతం కూడా లేరు. గర్భం రాకుండా చూసుకోవడం ఆడవాళ్ళ పని, మగవాడికి దాంతో సంబంధం లేదని దేశంలో 35 శాతం మగవాళ్ళు అదే సర్వేలో ఒప్పుకున్నారు.

ఆపరేషన్ చేసేదేమిటంటే అండం, వీర్యకణం కలవకుండా గొట్టాన్ని మూసేయడం. అంతే. కలయిక ద్వారా సోకే హెచ్ఐవీని, గనేరియాని, సిఫిలిస్‌ని అది ఆపదు. కావలి వైపు నుంచి ఒకామె తెల్లబట్ట, పొత్తికడుపులో నొప్పి అని పదేపదే వచ్చేది. మందులు వాడితే తగ్గేది, మళ్ళీ మొదలయ్యేది. భర్తకి కూడా వైద్యం చేయాలి, అప్పటిదాకా కండోమ్ వాడమన్నాను. "ఏంది మేడం, నాకు ఆపరేషన్ అయ్యి పదేళ్ళయింది గదా, ఇంక అదెందుకు?" అంది. ఆమెలో ఏ తప్పూ లేదు. ఆపరేషన్ రోజు ఎవరూ ఆమెకి రెండో మాట చెప్పలేదు. ఆ తర్వాత ఎంతో నచ్చజెబితే భర్త వచ్చాడు. ఇద్దరికీ ఒకేసారి మందులిచ్చాక గానీ ఆ జబ్బు వదల్లేదు.

అపోహ: ఇలాంటి విషయాల్లో ఎవరూ నిజం చెప్పరు, కాబట్టి సర్వేలన్నీ అబద్ధం.

జనం కొంత దాస్తారన్నది నిజమే. బ్రిటన్‌లో 2010-12 మధ్య పదిహేను వేల మందితో చేసిన జాతీయ సర్వేలో జీవితకాలంలో ఎంతమందితో కలిశారని అడిగితే మగవాళ్ళ సగటు 14, ఆడవాళ్ళ సగటు 7 వచ్చింది. మగవాళ్ళు కలిసేది ఆడవాళ్ళతోనే కాబట్టి ఒకే దేశంలో రెండు సగటులూ దగ్గరగా ఉండాలి, ఇంత తేడా కుదరదు కదా. పరిశోధకులు తవ్వి చూశారు. మగవాళ్ళు ఉజ్జాయింపుగా చెబుతున్నారు, ఆడవాళ్ళు ఒక్కొక్కరినే గుర్తుచేసుకుని లెక్కపెడుతున్నారు. కొద్దిమంది చెప్పిన చాలా పెద్ద అంకెలు సగటుని పైకి లాగుతున్నాయి. ఇవన్నీ సరిచేస్తే ఏడున్న తేడా మూడు లోపుకి దిగింది. అంటే సర్వేని పారేయక్కర్లేదు, చదవడం తెలియాలి.

మన సర్వేనూ అలాగే చూడాలి. గడిచిన ఏడాదిలో భార్య కాని, కలిసి ఉండని మనిషితో సంబంధం ఉందని చెప్పిన మగవాళ్ళు దేశంలో 4 శాతం, భర్త కాని మనిషితో అని చెప్పిన ఆడవాళ్ళు అర శాతం. అత్తగారు పక్క గదిలో ఉండగా ఏ కోడలు నోరు విప్పుతుంది? అసలు సంఖ్య ఇంతకు తక్కువ ఉండదు, ఎక్కువే ఉండొచ్చు. నేనైతే దీన్ని అలాగే చదువుతాను. ఇంకొకటి: "చివరిసారి కండోమ్ వాడారా" అన్న ప్రశ్నకి "అవును" అంటే ప్రతిసారీ వాడారని కాదు. జబ్బు నుంచి కాపాడేది ప్రతిసారీ వాడటమే.

వాట్సాప్‌లో "నెల్లూరు జిల్లాలో ఇంతమందికి అక్రమ సంబంధాలు, ప్రకాశంలో ఇంతమందికి" అని అంకెలు తిప్పుతుంటారు. నమ్మకండి. ఈ జాతీయ సర్వేలో లైంగిక ప్రవర్తన ప్రశ్నలు కొద్దిపాటి ఇళ్ళలోనే అడుగుతారు, అవి రాష్ట్రస్థాయి లెక్కలకే సరిపోతాయి. జిల్లా అంకె అందులో ఉండదు.

అపోహ: కండోమ్ వాడితే సుఖం ఉండదు.

అమెరికాలో ఇండియానా యూనివర్సిటీ వాళ్ళు 2009లో 14 నుంచి 94 ఏళ్ళ మధ్య 5,865 మందిని అడిగారు. కండోమ్‌తో కలిసినవాళ్ళు, లేకుండా కలిసినవాళ్ళు తృప్తి విషయంలో దాదాపు ఒకేలా చెప్పారు. ఆ సర్వేకి డబ్బు పెట్టింది కండోమ్‌లు తయారుచేసే కంపెనీ, ఆ సంగతి మనసులో పెట్టుకునే చదవండి. అయినా నా దగ్గరికి వచ్చేవాళ్ళ మాటలూ దానికి దగ్గరగానే ఉంటాయి. ఇబ్బంది చాలావరకు తడి లేకపోవడం వల్ల, కంగారుగా తొడగడం వల్ల. తడి కోసం మనవాళ్ళు కొబ్బరినూనె రాస్తారు. ఇది పెద్ద ప్రమాదం. నూనె తగిలితే రబ్బరు నిమిషాల్లో బలహీనపడి చినుగుతుంది. నీటితో చేసిన జెల్లీ మెడికల్ షాపులో దొరుకుతుంది, అదే వాడాలి.

అపోహ: అది కుర్రాళ్ళ వస్తువు.

అదే అమెరికా సర్వేలో కండోమ్ తక్కువ వాడింది నలభై దాటినవాళ్ళే. టీనేజీ పిల్లలే నయం. గర్భం భయం పోగానే జాగ్రత్తా పోతుంది. అక్కడా ఇక్కడా మనిషి అంతే.

అపోహ: ఒకదాని మీద ఒకటి రెండు తొడిగితే ఇంకా భద్రం.

రెండూ ఒరుసుకుని చినుగుతాయి. ఒకటి చాలు, సరిగ్గా వాడితే. గర్భం విషయంలో చూస్తే ఏడాది పాటు తప్పులేకుండా వాడినవాళ్ళలో వందకి ఇద్దరికే గర్భం వస్తుంది. మామూలుగా జనం వాడే తీరులో 13 మందికి వస్తుంది. ఆ తేడా అంతా వాడకంలోనే ఉంది. లారీ డ్రైవర్లకి ప్రత్యేకంగా చెప్తాను: మే నెల ఎండలో కేబిన్‌లో వదిలేసిన ప్యాకెట్, నెలలతరబడి పర్సులో నలిగిన ప్యాకెట్ వాడొద్దు. తేదీ చూడండి. వేళ్ళతో నొక్కితే లోపల గాలి బుడగలా తగలాలి. తగలకపోతే పారేయండి.

అపోహ: కండోమ్ అడిగితే భార్యని గానీ భర్తని గానీ అనుమానించినట్టే.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. భర్త నెలల తరబడి బయట పనిచేసి వస్తే అడిగే ధైర్యం ఏ భార్యకి ఉంటుంది? దేశంలో పెద్దవాళ్ళలో హెచ్ఐవీ 0.2 శాతం ఉంటే మన రాష్ట్రంలో సుమారు మూడు రెట్లు. నేను చూసిన ఆడవాళ్ళలో ఎక్కువమందికి భర్త నుంచే సోకింది. అందుకే "కండోమ్ వాడు" అనే మాటతో కాక "ఇద్దరం ఒకసారి పరీక్ష చేయించుకుందాం" అనే మాటతో మొదలుపెట్టమంటాను. గొడవ తగ్గుతుంది.

పరీక్ష ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. ప్రమాదం జరిగిందనుకున్న రోజు నుంచి మూడు నెలలు నిండాక మళ్ళీ ఒకసారి చేయించుకోవాలి. ఫలితం బయటపెట్టకూడదని 2017లో చేసిన చట్టం ఉంది. పాజిటివ్ వచ్చినా మందులు ఉచితం, క్రమంగా వాడి వైరస్ పరీక్షలో కనబడనంత తగ్గితే కలయిక ద్వారా అవతలివాళ్ళకి సోకదు. ఆసుపత్రికి రావడానికి మొహమాటమైతే 1097కి ఫోన్ చేయొచ్చు, డబ్బులు పడవు. భార్యాభర్తలు కలిసి వస్తే ఇద్దరితో కలిపీ మాట్లాడతాం, విడివిడిగానూ మాట్లాడతాం. ఒకరు చెప్పింది వాళ్ళ ఒప్పుదల లేకుండా మా నోటితో రెండోవాళ్ళకి చెప్పం.