జీటీఏ 6 ధర గొడవకు మూలం 2013 అక్టోబరు 1

రాక్‌స్టార్ కంపెనీ చేస్తున్న గ్రాండ్ తెఫ్ట్ ఆటో వీడియో గేమ్ ఆరో భాగం, జీటీఏ 6, ఎంతకు అమ్ముతారన్న చర్చ మళ్లీ రాజుకుంది. విడుదలను 2025 మేలో ఒకసారి 2026 మే 26కు, నవంబరులో ఇంకోసారి 2026 నవంబరు 19కు జరిపారు. అప్పటి నుంచి ‘ఇన్నేళ్ల ఖర్చు రాబట్టాలంటే ధర పెంచక తప్పదు’ అనే మాట జోరందుకుంది. ఒకరు 80 డాలర్లంటారు, ఇంకొకరు 100 అంటారు.

తిరుపతిలో సోనీ గేమింగ్ యంత్రం పీఎస్5ను గంట లెక్కన ఆడించే పార్లర్లకు ఈ తేడా చిన్నది కాదు. 2025లో సోనీ సొంత ఆటల డిస్కు మన దగ్గర 4,999 రూపాయలకు వచ్చేది. గంటకు వంద రూపాయలు తీసుకుంటారనుకుంటే డిస్కు డబ్బు తిరిగి రావడానికే 50 గంటలు ఆడించాలి. కరెంటు, గది అద్దె, కొన్నాళ్లకు స్టిక్ దానంతటదే పక్కకు లాగే కంట్రోలర్లు ఇందులో కలవలేదు. అదే డిస్కు తొమ్మిది వేలైతే 90 గంటలు. ఇంట్లో ఆడుకునే విద్యార్థి కొత్త డిస్కు కొని, ఆట అయ్యాక అమ్మేసి, ఆ డబ్బుతో ఇంకోటి కొంటాడు. ధర పెరిగితే ఆ గొలుసు మొదటి కొనుగోలు దగ్గరే తెగుతుంది.

కంపెనీల వాదనలో పస లేదనలేం. 2005లో మైక్రోసాఫ్ట్ గేమింగ్ యంత్రం ఎక్స్‌బాక్స్ 360తో మొదలైన 60 డాలర్ల ధర పదిహేనేళ్లు అలాగే ఉంది. ద్రవ్యోల్బణం లెక్కేస్తే ఆ 60 ఇప్పుడు 95కు పైమాటే. 2020 జులైలో 70 డాలర్ల ధరను ముందుగా ప్రకటించింది ఎన్‌బీఏ 2కే21. ఆ ఆటకూ, జీటీఏకూ మాతృసంస్థ టేక్-టూనే. 2025లో నింటెండో మారియో కార్ట్ వరల్డ్‌ను 80కి అమ్మింది. మైక్రోసాఫ్ట్ కూడా ది ఔటర్ వరల్డ్స్ 2కు 80 అని, కొనేవాళ్ల వ్యతిరేకత చూసి జులైలో మళ్లీ 70కి దిగింది.

ఇక 70 డాలర్లకు గిట్టదా అన్నది చూద్దాం. డిజిటల్‌గా అమ్మితే స్టోరు మామూలుగా 30 శాతం తీసుకుంటుంది, కంపెనీకి 49 మిగులుతాయి. 2023లో మైక్రోసాఫ్ట్‌పై అమెరికా కోర్టులో జరిగిన కేసులో, సరిగ్గా చెరపని పత్రాల వల్ల సోనీ ఆట ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2 లెక్క బయటపడింది. పని ముమ్మరంగా ఉన్నప్పుడు 200 మంది, సుమారు 70 నెలలు, 22 కోట్ల డాలర్లు. 2020లో అది వచ్చింది 60 డాలర్లకే, అంటే స్టోరు వాటా పోను 42. ప్రచారం ఖర్చు పక్కనపెడితే, ఆ ధరకు సుమారు 52 లక్షల కాపీలు పోతే అది తీరుతుంది. ఆ ఆట కోటి దాటింది. 2023 డిసెంబరులోనే సోనీ స్టూడియో ఇన్సోమ్నియాక్ నుంచి హ్యాకర్లు ఎత్తుకెళ్లిన పత్రాల్లో స్పైడర్ మ్యాన్ 2 బడ్జెట్ సుమారు 30 కోట్ల డాలర్లని, పెట్టుబడి తిరిగి రావడానికి 72 లక్షల కాపీలు కావాలని ఉంది. ఆరు నెలల్లో కోటీ పది లక్షలు అమ్ముడయ్యాయి. ఖరీదైన ఆటలే, కథ ఆడి ముగించేవే, అయినా 70 దాటకుండానే గిట్టాయి.

మరి డబ్బు మునిగింది ఎక్కడ? దానికి 2013కు వెళ్లాలి. ఆ ఏడాది సెప్టెంబరు 17న వచ్చిన జీటీఏ 5 మూడు రోజుల్లో 100 కోట్ల డాలర్ల అమ్మకాలు దాటింది. రికార్డు గురించి చెప్పేవాళ్లు అక్కడే ఆగుతారు. అసలు మలుపు రెండు వారాల తర్వాత, అక్టోబరు 1న మొదలైన జీటీఏ ఆన్‌లైన్. మొదటి రోజుల్లో సర్వర్లు నిలవలేదు, ఆటగాళ్లు సంపాదించుకున్నవి మాయమయ్యాయి. నష్టపరిహారంగా ఆటలోని డబ్బు ఐదు లక్షలు పంచాల్సి వచ్చింది. దొంగతనాల మిషన్లు 2015 మార్చికి గానీ రాలేదు. అయితే ఆ ఆటలో షార్క్ కార్డ్ ఉంది. అసలు డబ్బు కట్టి ఆటలోని డబ్బు కొనుక్కునే కార్డు అది. ఒకసారి డిస్కు కొన్నవాడు ఏళ్ల తరబడి కడుతూనే ఉంటాడని పరిశ్రమకు అప్పుడు తెలిసొచ్చింది. కథకు కొనసాగింపు 2014లో వస్తుందని రాక్‌స్టార్ చెప్పింది, అది ఇప్పటికీ రాలేదు. పార్లర్లో కూర్చుని జీటీఏ 5 హీరోల్లో ఒకడైన ట్రెవర్ కథ ఆడిన కుర్రాళ్లకు ఆ లోటు ఇంకా ఉంది.

2017లో ఫోర్ట్‌నైట్ ఉచితంగా వచ్చి అదే దారిలో కాసుల వర్షం కురిపించాక ప్రతి పెద్ద కంపెనీ అటే పరిగెత్తింది. చిత్తూరు జిల్లా రైతుకు దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు. గుజ్జు ఫ్యాక్టరీలు కొంటాయని అందరూ తోతాపురే పెట్టారు. 2025లో ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి. కిలోకు ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4 రూపాయలు ఇచ్చేలా ధర కట్టాల్సి వచ్చింది. ఆటల్లో ఆ గుజ్జు ఫ్యాక్టరీ ఆటగాడి సాయంత్రం. రోజూ రమ్మనే ఆటలు ఒకడి చేతిలో ఒకటీ రెండే ఇమడతాయి. మూడోది ఎంత బాగున్నా దానికి చోటుండదు.

రోజూ ఆడిస్తూ ఏళ్ల తరబడి డబ్బు రాబట్టే ఇలాంటి ఆన్‌లైన్ ఆటలను లైవ్ సర్వీస్ అంటారు. సోనీ 2022లో ఇలాంటివి 12 తెస్తామంది, మరుసటి ఏడాది ఆరుకు కుదించింది. 2023 డిసెంబరులో ది లాస్ట్ ఆఫ్ అస్ ఆన్‌లైన్‌ను రద్దు చేసింది. 2024 ఆగస్టు 23న కాంకర్డ్ వచ్చింది. ఐదుగురితో ఐదుగురు తలపడే కాల్పుల ఆట, ధర 40 డాలర్లు. అదే కోవలోని ఓవర్‌వాచ్ 2, వాలరెంట్ అప్పటికే ఉచితం. పీసీ ఆటల స్టోరు స్టీమ్‌లో కాంకర్డ్‌ను ఒకేసారి ఆడినవాళ్ల గరిష్ఠ సంఖ్య 697. ఇంత తక్కువమంది ఉంటే జోడీ కుదరక ఎదురుచూడాలి, విసుగొచ్చి ఉన్నవాళ్లూ పోతారు. సెప్టెంబరు 6న సర్వర్లు ఆపి అందరికీ డబ్బు వాపసిచ్చారు. అక్టోబరులో దాన్ని చేసిన ఫైర్‌వాక్ స్టూడియో మూతపడింది. డిస్కులు మిగిలాయి, వాటితో ఆడేందుకు ఏమీ లేదు.

ఇక్కడ సైబర్‌పంక్ 2077ను గుర్తుచేసుకోవాలి. 2020 డిసెంబరు 10న వచ్చినప్పుడు పాత పీఎస్4 హార్డ్ డిస్కు ఆటలోని నగరాన్ని అంత వేగంగా చదివి అందించలేక ఆట తడబడింది. ఎనిమిది రోజులకే సోనీ తన స్టోరు నుంచి తీసేసింది. కానీ అది ఒంటరిగా ఆడే కథ. ప్యాచ్ (లోపాలు సరిచేసే అప్‌డేట్) తర్వాత ప్యాచ్ ఇస్తూ 2023 సెప్టెంబరు నాటికి నిలబెట్టగలిగారు. చెడిన కథను బాగుచేసే గడువు ఉంటుంది. జనం లేని సర్వర్‌కు ఆ గడువు లేదు.

వార్నర్ బ్రదర్స్ తీరు ఇంకా బాధ కలిగిస్తుంది. 2023లో దాని హాగ్వార్ట్స్ లెగసీ, ఆన్‌లైన్ అన్నదే లేని ఆట, రెండు కోట్లకు పైగా అమ్ముడైంది. 2024 ఫిబ్రవరిలో వచ్చిన లైవ్ సర్వీస్ ఆట సూసైడ్ స్క్వాడ్ బోల్తాపడి ఆ త్రైమాసికంలో 20 కోట్ల డాలర్ల నష్టం రాయించింది. ఈ రెండు ఫలితాలూ ముందున్నా, ఆ మార్చిలో సంస్థ ఉన్నతాధికారి ఇకపై లైవ్ సర్వీస్ వైపే ఎక్కువ మొగ్గుతామన్నారు. ఇలాంటి పందేల్లో పోయిన సొమ్మును కథ కొనేవాడి జేబులోంచి రాబట్టడం న్యాయం కాదు.

ఈ పందేల దెబ్బ మనకు దూరమేమీ కాదు. 1997లో బెంగళూరులో మొదలైన ధ్రువ ఇంటరాక్టివ్‌ను 2019లో రాక్‌స్టార్ కొనేసింది. ఆటల్లో కనిపించే కార్లు, ఇళ్లు, చెట్ల బొమ్మల పని చాలావరకు ఇలాంటి స్టూడియోల్లోనే సాగుతుంది. చిత్తూరు నుంచి నాలుగు గంటల దారి. త్రీడీ నేర్చుకుని అక్కడ చేరాలనుకునేవాళ్లు ఆట హిట్టా ఫట్టా అన్నదాంతో పాటు అది ఏ రకం ఆటో కూడా చూడాలి. సర్వర్ మీద బతికే ఆట రద్దయితే తర్వాతి సీజన్ల పని కూడా దాంతోనే పోతుంది.

ధర ప్రకటించాక అంకె ఒక్కటే చూస్తే సరిపోదు. 2022 మార్చి 15న పీఎస్5కు వచ్చిన జీటీఏ ఆన్‌లైన్‌ను రాక్‌స్టార్ కథతో సంబంధం లేకుండా విడిగా అమ్మింది, మొదటి మూడు నెలలు ఉచితంగా ఇచ్చింది కూడా. ఆరో భాగంలోనూ రెండింటినీ విడదీస్తే కథకు విడిగా ఎంత కడుతున్నామో తేలుతుంది. కలిపి ఒకే ధర పెడితే, డిస్కులో ఆట మొత్తం ఉందా, నెట్ లేకుండా కథ నడుస్తుందా అని కొనేముందు పెట్టె వెనుక చదవాలి. గంట లెక్కన కథ ఆడించే పార్లర్‌కు కావాల్సింది ఆ సగమే.