చేతికి అందని లెక్క: పాత డర్ట్ బైకు ఫోర్కు స్ప్రింగులపై అపోహలు, వాస్తవాలు

తిరుపతిలోని నా షెడ్డుకు వచ్చే పాత డర్ట్ బైకులు ఎక్కువగా చెన్నై నుంచో బెంగళూరు నుంచో రెండు మూడు చేతులు మారి వస్తాయి. కొనేవాళ్లు ఇంజను శబ్దం వింటారు, పొగ రంగు చూస్తారు. చివరికి హ్యాండిల్ పట్టుకుని ముందుభాగాన్ని రెండుసార్లు కిందికి నొక్కి, షాకులు బాగున్నాయని తేల్చేస్తారు. అపోహలన్నీ ఆ నొక్కుడుతోనే మొదలవుతాయి. ముందు చక్రాన్ని రెండు పక్కలా పట్టుకుని ఉండే రెండు గొట్టపు కాళ్లే ఫోర్కు; స్ప్రింగులూ ఆయిలూ వాటి లోపలే ఉంటాయి.

అపోహ: చేత్తో నొక్కితే స్ప్రింగు గట్టిదో మెత్తదో తెలిసిపోతుంది.

వాస్తవం: నొక్కినప్పుడు చేతికి తగిలేది స్ప్రింగు ఒక్కటే కాదు. ఆయిల్ అడ్డుపడుతుంది, దాన్ని బయటికి కారనివ్వని రబ్బరు సీళ్లు రాపాడతాయి, లోపలి గాలి తిరిగి తోస్తుంది. గొట్టం కాస్త వంగి ఉన్నా పట్టేసి గట్టిగానే అనిపిస్తుంది. సీళ్లు బిగిసిపోయిన బండిని చూసి రేసు స్ప్రింగులు వేశారని మురిసిపోయినవాళ్లను నేను చూశాను.

స్ప్రింగును బయటికి తీసి కొలవడమొక్కటే దారి. చాలా స్ప్రింగుల మీద అంకె ఉండదు, ఉన్నా అరిగిపోయి ఉంటుంది. వెర్నియర్ అనే సన్నని కొలతల పరికరంతో తీగ మందం, చుట్టు బయటి వ్యాసం కొలవండి. వ్యాసంలోంచి మందం తీసేస్తే సగటు వ్యాసం వస్తుంది. చివర్లలో అతుక్కుని ఉన్నవి వదిలేసి, పనిచేసే చుట్లు లెక్కపెట్టండి. ఇక లెక్క ఇది: తీగ మందాన్ని నాలుగుసార్లు వేసి గుణించి (మందం × మందం × మందం × మందం), వెయ్యితో హెచ్చించాలి. దాన్ని సగటు వ్యాసపు ఘనంతోనూ చుట్ల సంఖ్యతోనూ భాగించాలి. కొలతలన్నీ మిల్లీమీటర్లలో ఉంటే, స్ప్రింగును ఒక మిల్లీమీటరు నొక్కడానికి ఎన్ని కిలోలు కావాలో వస్తుంది. మందం 4.5, సగటు వ్యాసం 26.5, చుట్లు 48 అనుకోండి, జవాబు 0.46. అదే తీగ 4.6 అయితే 0.50 వస్తుంది. మిల్లీమీటరులో పదో వంతు తేడాకే బండి స్వభావం మారిపోతుంది. అందుకే స్కేలుతో కొలిచి తెచ్చిన అంకెలను నేను నమ్మను. తుప్పునూ మట్టినీ తుడవకుండా కొలిచినవీ అంతే.

లెక్క సరిచూసుకోవడానికి డ్రిల్లింగ్ మిషను కింద తూకం యంత్రం పెడతాను. స్ప్రింగు పక్కకు వంగకుండా లోపల కడ్డీ ఉంచి, ముందు కొద్దిగా నొక్కి బరువు రాసుకుంటాను. ఇంకో 50 మిల్లీమీటర్లు నొక్కి మళ్లీ రాసుకుంటాను. 5 కిలోల నుంచి 28కి వెళ్లిందంటే తేడా 23, దాన్ని 50తో భాగిస్తే 0.46. రెండు లెక్కలూ కలిస్తే నిశ్చింత.

అపోహ: పాత స్ప్రింగు మెత్తబడిపోతుంది, మార్చేయాలి.

వాస్తవం: గట్టితనం ఉక్కు గుణాన్నీ తీగ కొలతలనూ బట్టి ఉంటుంది. ఏళ్లు గడిచినా అది దాదాపు మారదు. తగ్గేది పొడవు. అందుకే సర్వీసు పుస్తకంలో విడి స్ప్రింగుకు కనీస పొడవు ఇస్తారు. దానికి దిగువన ఉంటేనే మార్చాలి.

పొడవు తగ్గితే పైన వాషర్లో గొట్టం ముక్కో పెట్టి "టైటు" చేయించుకోవడం మన దగ్గర అలవాటు. దాంతో బండి ముందుభాగం పైకి లేస్తుంది, అంతే. మామూలు స్ప్రింగుకు గట్టితనం పెరగదు. కోస్తే మాత్రం పెరుగుతుంది. 50 చుట్లలో 5 కోస్తే మిగిలినది సుమారు 11 శాతం గట్టిపడుతుంది. కోస్తే మెత్తబడుతుందనుకుని కోయించినవాళ్లూ ఉన్నారు!

అపోహ: రెండు కాళ్లలో వేర్వేరు స్ప్రింగులుంటే బండి ఒక పక్కకు లాగుతుంది.

దీన్ని నేనూ చాలాకాలం నమ్మాను. పుత్తూరు నుంచి వచ్చిన ఒక బండిలో ఒక వైపు 0.44, మరో వైపు 0.48 తేలాయి. నడిపే కుర్రాడికి ఏ తేడా తెలియలేదు. తెలియదు కూడా. కింద ఇరుసు, పైన హ్యాండిల్ దగ్గరి క్లాంపులు అనే బిగింపులు రెండు కాళ్లనూ ఒకటిగా బిగించి ఉంచుతాయి కాబట్టి లెక్కలోకి వచ్చేది రెండింటి మొత్తం. షోవా కంపెనీ ఫోర్కుల్లో కొన్నిటికి స్ప్రింగు ఒక కాలిలోనే ఉంటుంది, కదలిక వేగాన్ని ఆయిల్‌తో అదుపుచేసే డ్యాంపింగ్ రెండో కాలిలో. అయితే అమ్మినవాడు చెప్పకుండా వేర్వేరు స్ప్రింగులు కనబడితే, ఎవరో లోపల చెయ్యి పెట్టారని అర్థం. ఇంకా ఏం చేశారో వెతకండి.

కొన్ని మోటోక్రాస్ బండ్లకు అసలు స్ప్రింగే ఉండదు, గాలి పీడనంతో పనిచేస్తాయి. చిత్తూరు నుంచి ఒకాయన అలాంటి బండి తెచ్చి గట్టి స్ప్రింగులు వేయమన్నాడు. ఆయనకు కావలసింది మంచి గాలి పంపు.

అపోహ: ఎండాకాలం చిక్కటి ఆయిల్ పోస్తే మెత్తటి స్ప్రింగు లోటు తీరిపోతుంది.

తీరదు. ఆయిల్ కదలిక వేగాన్ని అదుపుచేస్తుంది, బరువును మోయదు. మరీ చిక్కనిది పోస్తే గులకరాళ్ల దారిలో ఫోర్కు తిరిగి లేవడానికి సమయం చాలక కిందికే కూరుకుపోతుంది. ఆయిల్ మట్టం మాత్రం పుస్తకంలో చెప్పినట్లే ఉండాలి. మామూలు ఫోర్కుల్లో దాన్ని స్ప్రింగు తీసి, ఫోర్కును పూర్తిగా లోపలికి నొక్కి కొలుస్తారు.

కారుతున్న సీలును వెంటనే మార్చనక్కర్లేదు. స్వర్ణముఖి ఇసుక రేణువు ఒకటి అంచు కింద చిక్కుకున్నా కారుతుంది. పాత కెమెరా ఫిల్ము ముక్కను సీలు అంచు కిందికి దూర్చి చుట్టూ తిప్పితే చాలాసార్లు ఆగిపోతుంది. గొట్టం మీద గోరు ఆగేంత తుప్పు గుంట ఉంటే మాత్రం ఎన్ని కొత్త సీళ్లు వేసినా వృథా.

ఇంట్లో విప్పేవాళ్లకు ఒక హెచ్చరిక. ఫోర్కు పైమూత కింద స్ప్రింగు ఒత్తిడితో ఉంటుంది. ముందు చక్రం నేలకు ఆనకుండా బండిని ఎత్తి నిలపండి. ఫోర్కు క్లాంపులో ఉండగానే పై క్లాంపు బోల్టు వదులు చేసి, మూతను కాస్త సడలించండి. చివరి మరలు విప్పేటప్పుడు ముఖం దానికి ఎదురుగా పెట్టకండి.

కొనబోయే బండికి స్ప్రింగులు మార్చామని అమ్మేవాడు చెబితే, పాతవి ఎక్కడున్నాయని అడగండి. 90 కిలోల మనిషి కోసం వేసినవి 55 కిలోల కుర్రాడికి పనికిరావు. ఆ పాత జత చేతికి వస్తే ధర కొంచెం ఎక్కువ చెప్పినా నేనైతే కొంటాను.