కొత్త లైబ్రరీకి పాత కళ

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మీ వీధిలో కట్టిన కొత్త లైబ్రరీ ఆసుపత్రిలా ఉందని, లోపల పాతకాలపు కళ రావాలంటే ఏం చేయాలని అడిగారు. లైబ్రేరియన్‌గా ముప్ఫయ్యేళ్లు చేశాను కాబట్టి తోచింది రాస్తున్నా.

గోడలకు చెక్క డిజైను కాగితం మాత్రం అంటించనివ్వకండి. నేను పనిచేసిన ఒకచోట అదే చేశారు. రెండో వానాకాలానికి అంచులు లేచాయి, పిల్లలు ఒలుచుకెళ్లి బుక్‌మార్కులు చేసుకున్నారు!

పాత లైబ్రరీల అందం చాలావరకు అవసరం కొద్దీ వచ్చిందే. హైదరాబాదులో అఫ్జల్‌గంజ్ దగ్గర మూసీ ఒడ్డున పెద్ద లైబ్రరీ ఉంది కదా, 1891లో ఆసఫియా పేరుతో మొదలైంది. ఇప్పుడున్న భవనం 1930లలో కట్టింది. ఏసీలు లేని రోజుల్లో వేడిగాలి పైకి పోవాలంటే కప్పు ఎత్తుగా ఉండాలి. కిటికీ ఎంత ఎత్తుకు పోతే వెలుతురు అంత లోపలికి పడుతుంది.

న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ సంగతి ఇంకా బాగుంటుంది. 1911లో తెరిచిన దాని పెద్ద చదువుల హాలు పొడవు 297 అడుగులు, ఎత్తు 52 అడుగులు. 2014లో కప్పు నుంచి ప్లాస్టర్ పువ్వొకటి ఊడిపడింది. హాలు మూసేసి, అచ్చం అలాంటి పువ్వే చేయించి పెట్టారు. మిగతా పువ్వులన్నిటికీ వెనకనుంచి ఉక్కు తీగలు బిగించారు, షాండ్లియర్లలో ఎల్‌ఈడీలు వేశారు. 2016లో మళ్లీ తెరిస్తే, చూసేవాళ్లకు పాత హాలే.

మీరూ అలాగే చేయండి. స్టీలు ర్యాకులు తీసేయక్కర్లేదు, వాటికి చెద పట్టదు. ప్రతి వరస చివర టేకు పలక బిగిస్తే చాలు, నడవలోంచి కనపడేది అదే. విడివిడి బల్లలు తీసి, పదిమంది కూర్చునే బరువైన పొడుగు బల్ల ఒకటి వేయించండి. ముంజేతులు ఆనే అంచు గుండ్రంగా చిత్రిక పట్టమని వడ్రంగికి మరీమరీ చెప్పండి. బల్ల మీద ఇత్తడి దీపాలు, వాటిలో పసుపు వెలుగిచ్చే ఎల్‌ఈడీ. కుర్చీల కాళ్లకు రబ్బరు బుష్‌లు.

అద్దాల బీరువాలు చూడ్డానికి బాగుంటాయి గానీ, వాటికి తాళాలు పడతాయి. పుస్తకాలున్నది వాడుకోడానికే అని లైబ్రరీ శాస్త్రంలో పెద్దాయన రంగనాథన్‌గారు 1931లోనే తన ఐదు లైబ్రరీ సూత్రాల్లో మొదటిదిగా రాశారు. నా సర్వీసులో సగం తాళంచెవి వెతకడంతోనే సరిపోయింది.

ఆఖరుగా, ఇత్తడి పిడుల చిన్న చిన్న సొరుగులుండే పాత కార్డు క్యాటలాగు బీరువా (ఏ పుస్తకం ఎక్కడుందో రాసిన కార్డులు దాచేది) ఒకటి గుమ్మం దగ్గర పెడితే ఆ కళే వేరు. వేలంలో కొన్నది మన ఇంట్లో ఉంది. కాకపోతే మీ అమ్మమ్మ అందులో పోపు సామాను సర్దుకుంది. ముందు ఆవిణ్ణి ఒప్పించండి.

మీ తాతయ్య