తుపాకీ వెనకాల వచ్చిన సాయం: నల్లగొండ, పాలమూరు అనుభవం

1948 సెప్టెంబరు 16న ప్యారిస్‌లో కూర్చున్న ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి, హైదరాబాద్ నిజాం ప్రభుత్వం భారత్ మీద పంపిన ఫిర్యాదును చర్చకు తీసుకుంది. మరునాడే నిజాం లొంగిపోయాడు. భారత సైన్యం ఐదు రోజుల పోలీసు చర్యతో రజాకార్ల కథ ముగిసింది గానీ, సైన్యం మాత్రం నల్లగొండ నుంచి కదల్లేదు. అక్కడి అసలు గొడవ సింహాసనానిది కాదు, భూమిది.

భద్రత, అభివృద్ధి ఒకదాన్ని విడిచి ఒకటి ఉండవని 2005లో ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ నివేదిక చెప్పింది. 2011లో ప్రపంచ బ్యాంకు తన వార్షిక నివేదిక మొత్తాన్ని ఇదే విషయానికి కేటాయించింది. సోమాలియా, అఫ్గానిస్తాన్‌లను చూసి నేర్చుకున్న పాఠంలా దీన్ని చెబుతుంటారు. మన జిల్లాలు అంతకు అరవై ఏళ్ల ముందే ఈ ప్రయోగానికి గురయ్యాయి.

1946 జూలై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య చనిపోయాడు. జనగామ తాలూకా అప్పుడు నల్లగొండ జిల్లాలోనే ఉండేది. వెట్టి, నాగులు (వడ్డీకిచ్చే ధాన్యం అప్పులు), బేదఖళ్లతో (భూమి నుంచి గెంటివేతలతో) విసిగిన ఊళ్లు ఆ తర్వాత తిరగబడ్డాయి. మూడు వేల గ్రామాల్లో పది లక్షల ఎకరాలు పంచామని కమ్యూనిస్టు పార్టీ లెక్క. పోలీసు చర్య తర్వాత చాలా ఊళ్లలో దొరలు ఖాకీల అండతో తిరిగొచ్చి ఆ భూములు లాక్కున్నారు. అయితే అణచివేత ఒక్కటే చాలదని ప్రభుత్వానికీ అర్థమైంది. 1949లో జాగీర్లు రద్దు చేసింది, 1950లో కౌలుదారీ చట్టం తెచ్చింది. తుపాకీ లేకుండా అవి అంత తొందరగా వచ్చేవంటే నేను నమ్మను.

1951 ఏప్రిల్ 18న గాంధీ శిష్యుడు వినోబా భావే పోచంపల్లి చేరారు. ఏం కావాలని అడిగితే దళితవాడ వాళ్లు 80 ఎకరాలన్నారు: సగం తరి, సగం ఖుష్కి. సర్కారుకు అర్జీ రాయిద్దామనుకున్న వినోబా, ఈ ఊళ్లో ఇచ్చేవాళ్లెవరైనా ఉన్నారా అని అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి వంద ఎకరాలు ఇస్తానన్నారు. వినోబా ఆ తెలంగాణ యాత్రలో దాదాపు 12 వేల ఎకరాలు పోగయ్యాయి. అడిగినవాళ్ల లెక్క ఎంత కచ్చితంగా ఉందో చూడండి. నీళ్లు పారే భూమి ఎంత, వాన మీద బతికే భూమి ఎంత అన్నది వాళ్లు ముందే తేల్చుకున్నారు. దానాల్లో తర్వాత ఆ లెక్క తప్పింది. చేతికొచ్చిన దాంట్లో రాళ్లూ రప్పలూ ఉన్న చెలకలు తక్కువేమీ కాదు. హైదరాబాద్ పెరిగాక రేటు పలికిన భూదాన్ భూములు కోర్టు వ్యాజ్యాలయ్యాయి.

అదే ఏడాది సముద్రం అవతల ఇంకో బేరం నడుస్తోంది. కరువులో ఉన్న భారత్ 1950 డిసెంబరులో అమెరికాను గోధుమలు అడిగింది. కొరియా యుద్ధం జరుగుతున్న రోజులు. నెహ్రూ అమెరికా వైపు నిలబడటం లేదని అక్కడి కాంగ్రెస్‌లో నెలల తరబడి సాగదీశారు. చివరికి 1951 జూన్‌లో 20 లక్షల టన్నులకు 19 కోట్ల డాలర్లు ఇచ్చారు, అదీ అప్పుగానే. తర్వాత రాయబారిగా వచ్చిన చెస్టర్ బౌల్స్, పల్లెలు బాగుపడకపోతే చైనాలోలాగే ఇక్కడా కమ్యూనిస్టులు వస్తారని వాషింగ్టన్‌కు పదేపదే చెప్పాడు. ఆయన భయానికి ఆధారం లేకపోలేదు. తెలంగాణలో కమ్యూనిస్టుల అజ్ఞాత సాయుధ పోరాటం 1951 అక్టోబరులో ఆగింది. ఆ వెంటనే జరిగిన ఎన్నికల్లో నల్లగొండ నుంచి కమ్యూనిస్టు నాయకుడు రావి నారాయణరెడ్డికి 3,09,162 ఓట్లు పడ్డాయి, నెహ్రూకు వచ్చినవాటికన్నా ఎక్కువ. 1952 జనవరిలో అమెరికాతో సాంకేతిక సహకార ఒప్పందం కుదిరింది. ఆ సాయం కూడా కలిసి అక్టోబరు 2న దేశంలో 55 సముదాయ అభివృద్ధి ప్రాజెక్టులు మొదలయ్యాయి. మన బ్లాకులు, బీడీవోలు అక్కడి నుంచి వచ్చినవే. 1959లో ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్‌ను నెహ్రూ ప్రారంభించింది అప్పటి పాలమూరు జిల్లా షాద్‌నగర్‌లో.

తర్వాత చాలా కాలం ఇటు చూసినవాడు లేడు. పాలమూరు లేబర్ దేశమంతా ఆనకట్టలు కట్టింది.

1993 నవంబరులో కొల్లాపూర్ దగ్గర సోమశిలలో మందుపాతర పేలి జిల్లా ఎస్పీ పరదేశి నాయుడు, ఆయన వెంట ఉన్న పోలీసులు చనిపోయారు. నల్లమల అప్పటికే నక్సలైట్ల స్థావరం. 1995 ప్రాంతంలో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం పాలమూరు, కర్నూలు, అనంతపురంలో మహిళా సంఘాల పని మొదలుపెట్టింది. 1999లో బ్రిటన్ నిధులతో గ్రామీణ జీవనోపాధుల పథకం పాలమూరు, నల్లగొండ సహా ఐదు జిల్లాలకు వచ్చింది. నక్సలైట్లను చూసే దాతలు వచ్చారనడం అన్యాయం. కాగితం మీద కారణం కరువు, అది అబద్ధమూ కాదు. కాకపోతే వాన నీళ్లను నిలిపే వాటర్‌షెడ్ కట్టలు పడుతున్న కాలంలోనే ఎన్‌కౌంటర్లూ జరిగాయి. ప్రభుత్వంతో నక్సలైట్ల 2004 చర్చలు విఫలమయ్యాక, 2005 ఆగస్టు 15న నారాయణపేటలో ఎమ్మెల్యే నర్సిరెడ్డిని మావోయిస్టులు కాల్చి చంపారు. రెండు రోజుల్లో మావోయిస్టులపై నిషేధం మళ్లీ వచ్చింది. ఆర్నెల్లు తిరక్కుండా ఉపాధి హామీ తొలి విడత జిల్లాల్లో పాలమూరు, నల్లగొండ రెండూ చేరాయి. పాలమూరు కూలీకి విదేశీ సాయమంతా కలిపినా ఆ జాబ్ కార్డు అంత అక్కరకు రాలేదని నా అభిప్రాయం. అది అర్జీ పెట్టుకుంటే దయతలచి ఇచ్చేది కాదు, చట్టం.

2015 తర్వాత బ్రిటన్ భారత్‌కు పాత తరహా గ్రాంట్లు ఆపేసింది. 2025 ఫిబ్రవరిలో ఆ దేశం రక్షణ ఖర్చు పెంచుకోవడానికి విదేశీ సాయాన్ని జాతీయాదాయంలో 0.5 నుంచి 0.3 శాతానికి తగ్గిస్తామని ప్రకటించింది. జూలైలో అమెరికా సాయ సంస్థ యూఎస్‌ఎయిడ్ మూతపడింది. ఆ దెబ్బ మన మహిళా సంఘాలకు పెద్దగా తగల్లేదు, అవి అప్పటికే బ్యాంకు లింకేజీ (బ్యాంకులు సంఘాలకు ఇచ్చే అప్పులు) మీద నిలదొక్కుకున్నాయి. సూడాన్‌లోనో సోమాలియాలోనో అలాంటి బ్యాంకు లేదు, ఉపాధి చట్టమూ లేదు.