బాప్తిస్మానికి ముందు మూడేళ్లు

సువార్త కూడికలో యేసును నమ్ముతానని చేయెత్తి, కన్నీళ్లతో ప్రార్థించినవారు ఏడాది తర్వాత ఎక్కడున్నారు? కొందరు ఆదివారం వచ్చి వెళ్లడం దగ్గరే ఆగిపోతారు. కొందరు అసలు కనిపించరు. అది వాళ్ల విశ్వాసంలోని బలహీనతేనని తేల్చేయడం అన్యాయం. చరిత్ర తిరగేస్తే లోటు ఎక్కువగా ఆ కొత్త విశ్వాసులను నేర్పి పెంచాల్సిన సంఘం వైపే కనిపిస్తుంది.

యేసు చివరి ఆజ్ఞలో బాప్తిస్మం మాట వెంటనే 'గైకొనవలెనని వారికి బోధించుడి' అని ఉంది. అంతియొకయలో బర్నబా, సౌలు (తర్వాతి పేరు పౌలు) ఏడాది పాటు సంఘంతోనే ఉండి బోధించారు. శిష్యులను మొదటిసారి క్రైస్తవులని పిలిచింది ఆ ఊళ్లోనే.

మూడో శతాబ్దపు రోమ్‌కు చెందిన హిప్పొలిటస్ పేరు మీద వచ్చిన ఒక సంఘ నియమావళి ప్రకారం, కొత్తగా వచ్చినవారు బాప్తిస్మానికి ముందు మూడేళ్లు వాక్యం వినాలి. అయితే లెక్క కాలాన్ని బట్టి కాదు, నడతను బట్టి అని కూడా అందులోనే ఉంది. విధవరాండ్రను గౌరవించారా, రోగులను చూడడానికి వెళ్లారా అని అడిగేవారు. జవాబు చెప్పాల్సింది వాళ్లను తీసుకొచ్చిన విశ్వాసులు. అంటే కొత్తవాడి వెంట ఒక మనిషి తప్పనిసరిగా ఉండేవాడు.

313లో రోమా చక్రవర్తులు కాన్‌స్టంటైన్, లిసీనియస్ క్రైస్తవులకు స్వేచ్ఛనిచ్చారు. 380లో క్రైస్తవమే సామ్రాజ్య మతమైంది. జనం వెల్లువలా వచ్చారు. మూడేళ్ల శిక్షణ క్రమంగా ఈస్టరుకు ముందు కొన్ని వారాలకు కుదించుకుపోయింది. పసిపిల్లల బాప్తిస్మమే మామూలైపోయాక పెద్దవాళ్లకు నేర్పే ఆ ఏర్పాటు దాదాపు మాయమైంది. సంఖ్య పెరిగిన సంతోషంలో ఎంత పోగొట్టుకున్నారో తలచుకుంటే బాధ కలుగుతుంది.

జర్మనీ సంఘ సంస్కర్త మార్టిన్ లూథర్ 1529లో చిన్న ప్రశ్నోత్తరి (విశ్వాసపు మూల పాఠాలను ప్రశ్నలు, జవాబులుగా చెప్పే పుస్తకం) రాయడానికి కారణం, అంతకుముందు అక్కడి సాక్సనీ సంఘాల్లో ఆయన కళ్లారా చూసిన అజ్ఞానం. ఇంటి యజమానే ఇంట్లోవాళ్లకు నేర్పాలన్నది ఆయన ఉద్దేశం.

నా మనసును ఎక్కువగా పట్టుకున్నది మాత్రం 1742 నాటి ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ సంగతి. మెథడిస్టు ఉజ్జీవానికి నాయకుడైన జాన్ వెస్లీ అనుచరులకు మందిరం కట్టిన అప్పు ఇంకా మిగిలి ఉంది. పన్నెండేసి మందికి ఒకరిని పెట్టి, వారానికి తలా ఒక పెన్నీ వసూలు చేద్దామనుకున్నారు. ఇవ్వలేని పేదల వంతు ఆ నాయకుడే కట్టాలి. అలా ఇంటింటికీ తిరుగుతున్న నాయకులకు డబ్బుతో పాటు వేరే సంగతులూ కనబడ్డాయి: ఒక ఇంట్లో గొడవ, ఇంకో ఇంట్లో తాగుడు. వెస్లీ వెంటనే గ్రహించాడు, తాను వెతుకుతున్నది ఇదేనని. అప్పటి నుంచి ప్రతి గుంపూ వారం వారం కూడి, నీ ఆత్మ ఎలా ఉంది అని ఒకరినొకరు అడుగుతూ వచ్చింది. పెద్ద ప్రసంగికులు లేని చోట్ల కూడా ఆ ఉజ్జీవం నిలబడడానికి ఈ చిన్న గుంపులే ముఖ్య కారణమని నా నమ్మకం.

1933లో అమెరికాలో డాసన్ ట్రాట్‌మన్ అనే సువార్త సేవకుడు ఒక నావికుడికి వాక్యం నేర్పాడు. ఆ నావికుడు తన స్నేహితుణ్ణి కూడా తీసుకొస్తే, అతనికి నువ్వే నేర్పు అని ట్రాట్‌మన్ అన్నాడు. తర్వాత పేరున్న ప్రసంగికుడు బిల్లీ గ్రాహం తన కూడికల్లో నిర్ణయం తీసుకున్నవారిని చూసుకునే పనికి ట్రాట్‌మన్ సాయం అడిగాడు.

కథోలిక సంఘం కూడా రెండో వాటికన్ మహాసభ తర్వాత, 1972లో, పెద్దవాళ్ల కోసం పాత జ్ఞానోపదేశ క్రమాన్ని, అంటే బాప్తిస్మానికి ముందు ఇచ్చే ఆ శిక్షణను, తిరిగి తెచ్చింది. అందులో జ్ఞానస్నానానికి (బాప్తిస్మానికి) సిద్ధపడే ప్రతి ఒక్కరి వెంట, వాళ్లను ఎరిగి వాళ్ల నడతకు సాక్ష్యం చెప్పే ఒక విశ్వాసి ఉండాలి.